ఆరేళ్లకు మొలిచే పన్ను

ఛత్రినాకలోని ఒక ప్రైమరీ స్కూల్లో నాకు మూడో తరగతి ఇచ్చారు. డెబ్బైల నడుమ సంగతి. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది. పిల్లలు మాట వినకపోతే కోపం ఇట్టే వచ్చేది.

నా తరగతిలో గౌలిపుర నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది. తొమ్మిదేళ్లుంటాయి. ఇంట్లో నాలుగు బర్రెలు, పాల వ్యాపారం. జూన్‌లో గడగడా మాట్లాడిన ఆ పిల్ల దసరా సెలవుల తర్వాత నోరు విప్పడం మానేసింది. చదవమంటే లేచి నిలబడేది, పుస్తకంలోకి చూసేది, అంతే. మొండితనం అనుకున్నాను. ఒకరోజు బెంచీ ఎక్కించి గంటసేపు నిలబెట్టాను. ఏడవలేదు. అరచెయ్యి చెంపకు ఆనించుకుని నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలంతా వరండాలో డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఆ పిల్ల జొన్నరొట్టెను నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక చిన్న చిన్న ముక్కలు చేసి మింగుతోంది.

"ఏంది బిడ్డా, రొట్టె నమలవేంది?"

ఇంకో ముక్కను నీళ్లలో ముంచింది. దగ్గరికి పిలిచి నోరు తెరిపించాను. కింది దవడలో, అన్నిటికన్నా వెనకనున్న పన్ను మధ్యలో నల్లటి గుంట.

సాయంత్రం ఆ పిల్ల వెంట ఇంటికి వెళ్లాను. తల్లిదండ్రులు పాలు పోయడానికి వెళ్లారు. నాయనమ్మ బర్రెలకు కుడితి పెడుతోంది. నేను చెప్పింది విని నవ్వింది.

"లవంగం పెడుతున్న టీచరమ్మా. పాలపండ్లే గద, ఊడిపోతయి. కొత్తయి మొలుస్తయి."

నాకూ అది నిజమే అనిపించింది. ముందుపళ్లు ఊడి మొలిచాయి కదా, వెనకవీ అలాగే మొలుస్తాయనుకున్నాను. ఆమె ఇచ్చిన చాయ్ తాగి, ఇక పిల్లను చదవమని బలవంతం చెయ్యనని చెప్పి వచ్చేశాను. పెద్ద మేలే చేశాననుకున్నాను.

అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల రోజున ఆ పిల్ల చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయి వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. హెడ్‌మాస్టర్‌కు చెప్పి, నాయనమ్మను పిలిపించి, ముగ్గురం ఒకే రిక్షాలో నయాపూల్ దాటి సర్కారు పళ్ల దవాఖానకు వెళ్లాం.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. నోట్లోకి చూసి, "ఎన్ని దినాలైంది?" అని అడిగింది.

"దసరా కాడికెల్లి," అంది నాయనమ్మ. "పాలపన్నే గదమ్మా?"

"కాదు. ఇది ఆరేండ్లకు మొలిచే పన్ను. ఏ పన్నూ ఊడకుంటనే, పాలపండ్ల ఎనక మెల్లగ మొలుస్తది. గందుకే ఎవ్వరూ గుర్తుపట్టరు. తీసేస్తే మళ్ల రాదు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరేమైతరు?"

"టీచర్ను."

"మీకు గూడ తెల్వదా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

వాపు తగ్గడానికి మందులిచ్చి, వారం తర్వాత రమ్మంది. రెండోసారి వెళ్లినప్పుడు పన్ను తీసేసింది. సూది ఇస్తున్నప్పుడు పిల్ల గోళ్లు నా మణికట్టులో దిగాయి. ఎర్రబడిన దూదిని కొరికి పట్టుకుని రిక్షాలో నా పక్కనే కూర్చుంది. రిక్షా పత్తర్‌గట్టి దాటింది.

"లవంగం పెట్టుకుంట కూసున్న. తప్పంత నాదే," అంది నాయనమ్మ.

"నాక్కూడ తెల్వకపాయె అవ్వా," అన్నాను.

బెంచీ ఎక్కించినందుకు మాత్రం ఆ పిల్లకు తప్పయిందని చెప్పలేదు. ఆ రోజుల్లో టీచర్లు పిల్లలకు అలాంటివి చెప్పేవారు కాదు. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటుంది.

గుంట చిన్నగా ఉన్నప్పుడే తీసుకొస్తే సిమెంటు నింపి పన్ను కాపాడవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మరుసటి సోమవారం ఇంటి నుంచి టార్చిలైటు తెచ్చి, తరగతిలో అందరి నోళ్లూ చూశాను. చాలామందికి అదే చోట నల్లచుక్కలున్నాయి. తల్లిదండ్రులు ఒప్పుకున్నవాళ్లను సెలవు రోజుల్లో ఇద్దరిద్దరిని దవాఖానకు తీసుకెళ్లాను. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. "నొప్పి లేని పన్నుకు దవాఖాన ఎందుకు?" అని ఒక తండ్రి గట్టిగానే అడిగాడు.

స్కూలు గేటు ముందు ఒక ముసలాయన బండి మీద బెల్లంపాకం జీడీలు అమ్మేవాడు. పిల్లలు వాటిని బుగ్గన పెట్టుకుని పాఠం అయ్యేదాకా చప్పరించేవాళ్లు. జామకాయలు అమ్మమని బతిమాలాను.

"జామకాయలు ఎవరు తింటరు టీచరమ్మా? జీడీలైతే మస్తు పోతయి," అన్నాడు. అయినా నా మాట మన్నించి నెలరోజులు జామకాయలు పెట్టాడు. తర్వాత ఒక మూలన గుడ్డ కింద జీడీలు మళ్లీ కనిపించాయి. ఆయనతో లొల్లి పెట్టుకోలేదు. తిన్నాక కుళాయి దగ్గర మూడుసార్లు పుక్కిలించనిదే ఎవరూ తరగతిలోకి రాకూడదని నియమం పెట్టాను. చలికాలంలో పిల్లలు నన్ను బాగా తిట్టుకునే ఉంటారు.

తర్వాతి ఏడాది ఒకటో తరగతి కావాలని హెడ్‌మాస్టర్‌ను నేనే అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. బెంచీ మీద కుదురుగా కూర్చోలేని పిల్లల తరగతిని అడిగి తీసుకునేవాళ్లెవరుంటారు? కానీ ఆ పన్ను మొలిచేది ఆ వయసులోనే. చేర్పించడానికి వచ్చిన ప్రతి తల్లికీ చెప్పేదాన్ని: "వెనకనొక కొత్త పన్నొస్తది, అది పాలపన్ను గాదు, చూసుకోండ్రి."

కొందరు నవ్వేవాళ్లు. కొందరు అక్కడే, గేటు దగ్గరే, పిల్ల గదుమ పట్టుకుని నోరు తెరిపించి చూసేవాళ్లు.