రేపటి లంచ్ ఆఫ్ చేశాను

మేం అమెరికాలో పిస్కాటవే ఊరికి మారిన కొత్తలో పక్కింటి షీరా మమ్మల్ని శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచింది. వాళ్ళు యూదులు. ఆ సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళకి షాబస్, అంటే ఏ పనీ చేయకూడని వారపు విశ్రాంతి రోజు. ఆ సమయంలో స్టవ్ వెలిగించరు, ఆర్పరు కూడా. ఈ రెండో సంగతి నాకు తెలియదు.

తిన్న ప్లేటు సింక్‌లో పెడదామని వంటింట్లోకి వెళ్తే, పెద్ద గిన్నె ఒకటి సన్నమంట మీద ఉడుకుతోంది. అందరం తినేశాం కదా! "గ్యాస్ కట్టేశావా?" అని చిన్నప్పట్నుంచీ అమ్మ అడిగీ అడిగీ నా చేతికి అదే అలవాటు. టక్కున కట్టేసి, "షీరా, స్టవ్ మర్చిపోయావు, నేను ఆఫ్ చేశాలే" అని గొప్పగా చెప్పాను.

షీరా కూతురి క్లాస్‌మేట్ అయిన మా నిఖిల్ తల పట్టుకున్నాడు. "అమ్మా! నువ్వు వాళ్ళ రేపటి లంచ్ ఆఫ్ చేశావ్!"

మర్నాడు వచ్చే చుట్టాల కోసం ఆ బీన్స్, బార్లీ రాత్రంతా ఉడకాలట. మళ్ళీ వెలిగిస్తానని పరిగెత్తబోయాను. "మా కోసం నువ్వు వెలిగించినా కుదరదు" అంది షీరా, నవ్వాపుకోలేక. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. పాపం, ఆ చుట్టాలకి సలాడ్, బ్రెడ్డే గతయ్యాయి.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే వాళ్ళింట్లో, వేరే ఇళ్ళ గిన్నెల్లో వండింది వాళ్ళు తినరు కనక వాళ్ళ గిన్నెల్లోనే, షీరా చేత చింతపండు పులిహోర చేయించాను. ఇప్పుడు ప్రతి శనివారం వాళ్ళ టేబుల్ మీద అది ఉండాల్సిందే. నేను మాత్రం ఎవరింట్లో స్టవ్ కనిపించినా చేతులు కట్టుకుని నిలబడతాను.

"మర్నాటికి ఇంకా రుచి" అని చుట్టాలకి వడ్డిస్తూ, షీరా నా వైపు చూసి కన్నుకొడుతుంది. "పైగా దీన్ని ఎవరూ ఆఫ్ చేయలేరు!"