పిట్టల పాలు అన్న గొంతు

ఇబ్రహీంపట్నంలో తిరుగుతున్న దయ్యం కథల్లో సగం నేను పుట్టించినవే. చెరువు కట్ట మీద బీడీ అడిగే తల లేని మనిషి కూడా నావాడే. చీకటి పడ్డాక మోటరు బాగుచేయమని ఎవరూ పిలవకుండా వాణ్ణి అక్కడ నిలబెట్టాను. తల లేనివాడు బీడీ ఎక్కడ పెట్టుకుంటాడని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అలాంటి నాకు దయ్యాల మీద నమ్మకం ఎలా ఉంటుంది?

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను అల్లింది కాదు. సాక్షులున్నారు.

నేను బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాను. చదివింది పదో తరగతి. నిరుడు ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ కోర్సులో చేరాను, ఏమీ రానివాళ్లకు మొదటి నుంచీ నేర్పేది. చేరిన రోజే హోటల్ దగ్గర "నెల రోజులల్ల కంప్యూటర్ నా మాట ఇంటది" అని చాటింపు వేశాను.

మొదటి వారమే తల తిరిగింది. కోర్సు చర్చల పేజీలో అందరూ ఇంగ్లీషులో రాస్తుంటే నేను తెలుగులో ఒక్క ముక్క పెట్టాను. "ఇబ్రహీంపట్నం దిక్కు ఎవలన్న ఉన్నరా? నాకు జర సమజైతలేదు."

సాయంత్రానికి ముగ్గురు పలికారు. హయత్‌నగర్ నుంచి బస్ కండక్టర్ పద్మక్క, తుక్కుగూడలో వాచ్‌మన్‌గా చేసే నర్సింహ, జల్‌పల్లి టైలర్ యూసుఫ్ భాయ్. ఒకరి ముఖం ఒకరం చూడలేదు. రోజూ పొద్దున ఆరింటికి, పనుల్లోకి పోకముందే, ఫోన్‌లో కలిసేవాళ్లం. నెట్ సరిపోక కెమెరాలు ఆపి ఉంచేవాళ్లం.

చివరి పరీక్ష గుంపుగా రాయాలి. నలుగురూ తలో ముక్క రాసి ఒకే ప్రోగ్రాంగా అతికించాలి. ఒక్క ముక్క తప్పినా నలుగురూ ఫెయిలే. వడ్ల బస్తాల బరువు కలిపే ప్రోగ్రాం చేద్దామన్నది నేనే. "వడ్లు కొలిచిన వంశం మాది" అని గొప్పలు పోయినందుకు కూడిక ముక్క నాకే అంటగట్టారు.

ఆదివారం పొద్దున పదింటికల్లా పంపాలి. ఆరున్నర దాటినా నా ముక్క మొదటి బస్తాను మింగేస్తూనే ఉంది. పది బస్తాల బరువులు ఇస్తే తొమ్మిదే కలుపుతోంది.

"యాదన్నా, మీ వంశపోల్లు గిట్లనే కొలిచిన్రా? రైతు ఏం గావాలె?" అంది పద్మక్క.

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. కానీ పద్మక్క మోకాళ్లు అరిగిపోయాయి, బస్సులో నిలబడలేకపోతోంది. ఈ సర్టిఫికెట్ చూపించి ఆఫీసులో కంప్యూటర్ పని అడగాలని ఆమె ఆశ.

"నన్ను తీసెయ్యిన్రి. మీరు ముగ్గురు వేరే గుంపుల కలువున్రి," అన్నాను.

"తీసేసుడు లేదు భాయ్. నలుగురం అంటే నలుగురమే," అన్నాడు యూసుఫ్ భాయ్.

ఎదురుగా అమ్మ ఒలుస్తున్న చిక్కుడు గింజలు పళ్లెంలో పడుతున్నాయి. అప్పుడు ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు వచ్చింది. ముసలి గొంతు, తొందర లేని గొంతు.

"మొదటి బస్తాకు ఒకటి అనకు బిడ్డా. పిట్టల పాలు అను. దానికి అంకె లేదు, గని అది గుడ లెక్కలనే ఉన్నది."

మా దగ్గర కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. మా బాపు ఒక్కడే, అది పిట్టల వాటా అని, 'పిట్టల పాలు' అనేవాడు. పైగా రెండో కుంచానికి 'ఒకటి' అని మొదలుపెట్టేవాడు. ఆయన తొమ్మిది అన్నాడంటే పది కుంచాలైనట్టు. ఊరంతా నవ్వేది. బాపు పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ మాట నేను ఈ ముగ్గురికీ ఎన్నడూ చెప్పలేదు.

అమ్మ చేయి ఆపి తలెత్తింది.

"ఎవలురా గామె? మీ బాపు మాట అంటున్నది?"

అప్పుడు వెలిగింది నాకు. కంప్యూటర్ కూడా బాపులాగే మొదటిదాన్ని ఒకటి అనదు, సున్నా అంటుంది. నేను ఒకటి నుంచి మొదలుపెట్టినందుకు అది రెండో బస్తా నుంచి కలుపుతోంది. ఒకటి తీసేసి సున్నా పెట్టాను. పది బస్తాలూ వచ్చాయి.

నలుగురం పాసయ్యాం. పద్మక్క ఇప్పుడు కుర్చీలో కూర్చుని పనిచేస్తోంది. నా జీవితంలో గొప్పగా చెప్పుకున్నవన్నీ అల్లినవే. ఇది ఒక్కటే నిజంగా చేసింది.

తర్వాత పద్మక్క ఇంట్లో మొదటిసారి కలిశాం. అన్నం వడ్డిస్తూ ఆమె, "మీ అమ్మకు మొక్కాలె నర్సింహా, మస్తు చెప్పింది," అంది.

"నర్సింహ వాళ్ల అమ్మనా అక్కా? నేనైతే మీ అత్తమ్మ అనుకున్న," అన్నాను.

పద్మక్కకు అత్త లేదు. యూసుఫ్ భాయ్ కూడా ఆ గొంతు నర్సింహ తల్లిదనే అనుకున్నాడు. నర్సింహ యూసుఫ్ భాయ్ ఇంటి పెద్దామెదనుకున్నాడు. ఇద్దరూ ఆ పొద్దున ఒంటరిగానే ఉన్నారట.

డ్యూటీలో మళ్లీ వినడానికని నర్సింహ అన్ని కాల్స్ రికార్డు చేసేవాడు. అక్కడే పెట్టి విన్నాం. "నలుగురమే" అన్న మాట ఉంది. గింజలు పళ్లెంలో పడే చప్పుడు కాసేపు ఉంది. ఆ చప్పుడు ఆగింది. వెంటనే అమ్మ గొంతు, "ఎవలురా గామె?" మధ్యలో ఏమీ లేదు.

హోటల్ దగ్గర చెబితే, "తల లేనోడు గుడ పాసైండా అన్నా?" అని ఎగతాళి చేశారు. నా అబద్ధాలన్నీ నమ్మిన ఊరు, ఈ ఒక్క నిజాన్ని నమ్మడం లేదు.

ఇప్పటికీ ఆదివారం పొద్దున కలుస్తాం, తర్వాతి కోర్సు కోసం. పద్మక్క బస్సులో మనుషుల్ని లెక్కపెట్టినట్టు మమ్మల్ని లెక్కపెడుతుంది. ముందు "పిట్టల పాలు" అని ఆగుతుంది. ఎవరూ పలకరు. తర్వాత తనే ఒకటి, యూసుఫ్ భాయ్ రెండు, నర్సింహ మూడు, నేను నాలుగు.

ఆమె ఎవరో నాకు ఈరోజు వరకూ తెలియదు. లెక్కలో మాత్రం ఉంది.