వానలో పిలిస్తే వినబడే రేకు

నా చిన్నప్పుడు బోథ్ దగ్గరి మా ఊళ్లో ఇంటి మీద ఇనుప రేకులు పడ్డాయంటే ఆ ఇంటివాళ్లు ఒక మెట్టు పైకెక్కినట్టే లెక్క. మిగతావన్నీ గూనపెంకల ఇళ్లు. ఏటేటా వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ముందు నిచ్చెనలు వేసుకుని పైకెక్కి పగిలిన పెంకలు తీసేసి కొత్తవి సర్దుకునేవాళ్లం. అంత చేసినా వానాకాలమంతా ఇంట్లో గిన్నెలు పరుచుకుని కూర్చోవాల్సిందే. కురవని చోటు వెతుక్కుని పడుకోవడంలో మేం పిల్లలం ఆరితేరిపోయాం.

ఈ మధ్య మంచిర్యాలలో మా అబ్బాయి మిద్దె మీద రేకుల షెడ్డు వేయిస్తానని దుకాణానికి నన్నూ వెంటబెట్టుకుపోయాడు. ఎన్ని రకాలో! తెల్ల జింకు రేకులు, రంగు రేకులు, నడుమ నురుగు నింపి అతికించిన మందపాటి పలకలు. దుకాణదారు ఆ మందపాటి దాన్ని చేత్తో నిమిరి, ఎంత వాన పడ్డా దీని కింద చప్పుడే ఉండదని గొప్పగా చెప్పాడు. చప్పుడు సంగతి సరే, వానలో బయటి నుంచి మనిషి పిలిస్తే లోపలికి వినబడుతుందా అని అడిగాను. మా అబ్బాయి నవ్వి, "ఇప్పుడెవరు పిలుస్తరమ్మా, ఫోన్ చేస్తరు గద" అన్నాడు. నవ్వితే నవ్వనీ. వాడికి మా కాక సంగతి తెలియదు. చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను, ప్రతిసారీ వేరే మాటలోకి జారిపోయేదాన్ని. అందుకే రాసి పెడుతున్నాను.

కాక అంటే మా బాపుకు, అదే మా నాన్నకు, తమ్ముడు. పెళ్లి కాలేదు. కడగొట్టువాడు కాబట్టి మా బాపమ్మకు, అంటే నాయనమ్మకు, ఆయనంటే ప్రాణం. పొద్దంతా చేనులో పని చేసి, చీకటి పడగానే భజన అనో, ఎడ్ల బేరం అనో ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా తలుపు కొట్టేవాడు కాదు. కొడితే తాత లేస్తాడని భయం. తలుపు సందు దగ్గర వంగి, సన్నగా, "అవ్వా, గొళ్ళెం" అనేవాడు. మా వైపు తల్లిని అవ్వ అనే పిలుస్తాం. పక్కనే పడుకున్న మాకెవరికీ వినబడని ఆ మాట బాపమ్మకు మాత్రం ఎంత నిద్రలో ఉన్నా వినబడేది. లేచి చప్పుడు కాకుండా తలుపు తీసి, కొడుక్కి ఇంత జొన్నరొట్టె పెట్టి అప్పుడు పడుకునేది. ఇదంతా తాతకు తెలియదని తల్లీకొడుకుల ధీమా. తాతకు అంతా తెలుసు. తెలియనట్టు అటు తిరిగి పడుకునేవాడు.

ఒక వానాకాలం కాక ఒక జత ఎడ్లను తోలుకుని కిన్వట్ సంతకు పోయాడు. బేరం కుదరక ఎడ్లతోనే తిరుగుముఖం పట్టాడని ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. దారిలో వాగు పొంగింది. కొన్నాళ్లకు ఎడ్లు రెండూ వాటంతట అవే ఇల్లు చేరాయి. మెడలో తాళ్లు అలాగే వేలాడుతున్నాయి. కాక మాత్రం రాలేదు. మా బాపు, ఊరివాళ్లు వాగు పొడుగునా వెతికారు. ఏమీ దొరకలేదు.

ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. పెద్దమనుషులు తాత దగ్గర కూర్చుని, మనిషి దొరకకపోయినా చేయాల్సిన కర్మ చేయాలని నచ్చజెప్పబోయారు. బాపమ్మ ఏడవలేదు, అరవలేదు. కొట్టంలో మేత మేస్తున్న ఎడ్లను చూపించి, "నోరులేని గొడ్లకే తొవ్వ ఎరుకైంది. నా కొడుక్కు ఎరుక కాదా?" అంది. పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. కర్మ ఆగిపోయింది. అప్పటి నుంచి మబ్బు పట్టిందంటే చాలు, బాపమ్మ తన మంచాన్ని తలుపు పక్కకు జరుపుకునేది.

మరుసటి ఎండాకాలం రాళ్లవాన పడి మా ఇంటి పెంకలు సగానికి సగం పగిలిపోయాయి. ఇంట్లో జొన్నలున్నాయి, పత్తి ఉంది, విత్తనాలున్నాయి. మిరుగు లోపల ఇల్లు కప్పకపోతే అంతా నాశనమే. ఈ పెంకల తిప్పలు ఇక పడలేమని, ఇనుప రేకులే వేద్దామని మా బాపు పట్టుబట్టాడు. తాత సరేనన్నాడు. బాపమ్మ మాత్రం వద్దంది.

ఎందుకు వద్దో చాలా రోజులు చెప్పలేదు. రేకుల కింద ఉడికిపోతామని భయమేమో అనుకున్నారు. అలవాటు లేని వస్తువంటే ముసలివాళ్లకు అంతే అనుకున్నారు. అడిగి అడిగి విసిగిస్తే చివరికి ఒకనాడు జొన్నలు చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది. "రేకులేస్తే వాన సప్పుడుకు చెవులు గడియ పడ్తయి. పోరడు వచ్చి పిలిస్తె ఇనబడదు."

మా బాపు మంచివాడే, కాని నోటికి ఆనకట్ట లేదు. "ఇంకెక్కడి పోరడే అవ్వా" అనేశాడు. అందరి మనసులో ఉన్నదే అయినా, ఆ మాట మా ఇంట్లో బయటికి రావడం అదే మొదలు. బాపమ్మ చేతిలో చేట ఆగిపోయింది. జొన్నలు ఒక పక్కకు జారి కింద పడుతున్నా ఆమె చూసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. తాత లేచి వచ్చి ఆ చేట అందుకుని పక్కన పెట్టాడు. "లోకంల ఇనబడే రేకు లేకపోతదా? చూసినంకనే వేద్దాం. నువ్వు జర ఊకో" అన్నాడు బాపమ్మతో.

ఊరికే సముదాయించడానికి అన్నాడనుకున్నాం. మర్నాడు నిజంగానే బండి కట్టుకుని ఆదిలాబాద్ పోయాడు. రేకుల దుకాణంలో రకానికొకటి అడిగి బండి మీద వేసుకొచ్చాడు. ఏ రేకు కింద మనిషి పిలుపు వినబడుతుందని అడిగితే దుకాణంలో అందరూ నవ్వారట. ఆ సంగతి తాతే చెప్పాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

కొట్టం ముందు గుంజలు పాతించి, వాటి మీద ఒక్కొక్క రేకే వేయించాడు. కింద బాపమ్మ మంచం. మా బాపు నిచ్చెన మీద నిలబడి, రేకు మీద వెదురు గంప పట్టుకుని బిందెలతో నీళ్లు గుమ్మరించాలి. గంప కన్నాల్లోంచి నీళ్లు వానలాగే పడతాయి. నేను వాకిలి తలుపు బయట నిలబడి, కాక పిలిచినట్టే సన్నగా పిలవాలి. ఎర్రటి ఎండలో మా ఇంట్లో ఆ వాన చూడటానికి గోడల మీదికి జనం ఎక్కారు. మా బాపు సిగ్గుతో చచ్చిపోతూ, పళ్లు కొరుకుతూ నీళ్లు పోశాడు.

పలుచటి రేకు కింద నా గొంతు ఎటు పోయిందో పోయింది. బాపమ్మ వినబడలేదంది. మందపు రేకు వేశారు. మళ్లీ వినబడలేదంది. కావాలనే అంటోందని బాపు గొణిగాడు. అప్పుడు తాత ఆ మందపు రేకు కింద వెదురు తడక కట్టించి, రెంటి నడుమ వరిగడ్డి కుక్కించాడు. నీళ్ల మోత సగానికి సగం తగ్గింది. నేను పిలిచాను. బాపమ్మ కళ్లు తెరిచి, "గిప్పుడు ఇనబడ్డది" అంది.

బాపుకు నమ్మకం కుదరలేదు. విసుగొచ్చి అన్నదేమో, రేపు ఇల్లంతా కప్పాక మళ్లీ మొదటికి వస్తే ఏం చేస్తామన్నాడు. తాత నా దగ్గరికొచ్చాడు. ఇంకోసారి నీళ్లు పోస్తారని, ఈసారి మాత్రం పిలవకుండా ఊరికే నిలబడమని నా చెవిలో చెప్పాడు. ఆ సంగతి బాపు చెవిలోనూ వేశాడు. వినబడలేదంటే ఆమె మాట నిజం, రేకు మంచిది. పిలవకుండానే విన్నానంటే ఆ రేకును నమ్మలేం. అదీ తాత లెక్క.

బాపు నీళ్లు గుమ్మరించాడు. నేను పెదవులు బిగబట్టి తలుపు బయట నిలబడ్డాను. అంతలో లోపల మంచం కిర్రుమంది. తలుపు సందులోంచి చూశాను. బాపమ్మ లేచి, పడుతున్న నీళ్లలోంచే తడుస్తూ, పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె అలా నడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తలుపు తీసింది. ఎదురుగా ఉన్న నన్ను చూడలేదు. నన్ను దాటుకుని వీధిలోకి పోయి అటు చూసింది, ఇటు చూసింది. ముఖం వెలిగిపోతోంది. "వచ్చిండు" అంది. "గొళ్ళెం అన్నడు. నేను ఇన్న."

మా బాపు చేతిలో ఖాళీ బిందె అలాగే ఉండిపోయింది. తాత వచ్చి తన భుజం మీది కండువా తీసి ఆమె తల తుడిచాడు. లోపలికి తీసుకొస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇల్లంత గీ రేకే వేద్దాం" అన్నాడు. బాపు దగ్గరికొచ్చి, పిల్ల అసలు పిలవనే లేదు కదా అని మెల్లగా గుర్తుచేశాడు. "పోరడు పిలిచిండు అంటుంది గద. గంతకంటె మంచి రేకు ఏడ దొరుకుతదిరా" అన్నాడు తాత. తర్వాత నన్ను కొట్టం వెనక్కి పిలిచి, నేను పిలవలేదన్న సంగతి బాపమ్మకు ఎన్నడూ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నేను చెప్పలేదు.

ఇల్లు కప్పారు. వానలొచ్చాయి. ఒక్క చుక్క కురవలేదు, జొన్నలు తడవలేదు, మేం హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాం. బాపమ్మ మాత్రం గట్టి వాన పడ్డప్పుడల్లా లేచి గొళ్ళెం తీసేది. ఆమె వెనకే తాత కందిలి దీపం పట్టుకుని లేచేవాడు. ఎవరూ లేరు, పడుకో అని ఒక్కనాడూ అనలేదు. తొవ్వ తప్పి ఉంటాడు, మళ్లీ వస్తాడు లెమ్మని చెప్పి, ఆమె తనంతట తాను వెనక్కి తిరిగేదాకా పక్కనే నిలబడేవాడు. చాలా ఏళ్లు అలాగే గడిచాయి.

ఒక చలికాలం బాపమ్మ పోయింది. ఆ తర్వాతి వానాకాలం మొదటి పెద్దవానకు గొళ్ళెం చప్పుడైంది. ఉలిక్కిపడి చూస్తే తాత ఒక్కడే తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికెళ్లి, నీకూ వినబడిందా అని అడిగాను.

"నాకేం ఇనబడలే బిడ్డా. మీ బాపమ్మ లేదు గద, మరి ఎవలు తీస్తరు?" అన్నాడు. అంటూనే తలుపు పట్టుకుని ఏడ్చాడు. కాక రానినాడు కూడా ఏడవని మనిషి. నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను తప్ప ఇంకేమీ చేయలేకపోయాను.

ఇన్నేళ్లలో ఎన్నో మర్చిపోయాను, ఇది మాత్రం నా వెంటే వస్తోంది. మొన్న మా పక్కింటి అక్క, భర్త పోయిన నెలకు, వరండాలో ఆయన దగ్గు వినబడిందని చెప్పింది. చుట్టూ కూర్చున్నవాళ్లు అది భ్రమ అని, మనసు గట్టి చేసుకోవాలని తలా ఒక మాట అన్నారు. నేను లేచి, పద అక్కా చూద్దాం అని ఆమెతో పాటు వరండాలోకి వెళ్లాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె వెనక్కి తిరిగేదాకా పక్కనే నిలబడ్డాను.