కండ్లస్వామికి మైనం

ఎమ్మిగనూరు బజారులో నూనె అంగడి ముందు నుంచి పోతే, ఆముదం వాసనకు ఇప్పటికీ నా వెన్ను బిగుసుకుంటుంది. ఆ వాసన వెంటే చల్లటి రాయి, చీకటి, గబ్బిలాల కంపు వస్తాయి.

మాది ఆదోని దారిలో నల్లరేగడి పల్లె. ఒకప్పుడు దేశాయిలమని పేరు. నాకు ఊహ తెలిసేసరికే మేడ కప్పు కూలిపోయింది, గుర్రాల కొట్టంలో వేరుశనగ పొట్టు పోసుకునేవాళ్ళం. అయినా అవ్వ పట్టుచీర చిరుగు కనపడకుండా కుచ్చిళ్ళలో మడిచి, ఎవరొచ్చినా లేవకుండా అరుగు మీద నిటారుగా కూర్చునేది. మాకు మిగిలిన గౌరవం ఒక్కటే, గుట్ట కింది రాతిగుడిలో కూర్చున్న కండ్లస్వామి. ఆయన కళ్ళు తెరిస్తే ఆ చూపు సోకినంత మేరా మబ్బు మాడిపోతుందని ఊరి నమ్మకం. అందుకని ఏటా తొలకరికి ముందు, పదేళ్ళు నిండని మా ఇంటి బిడ్డ ఒంటరిగా లోపలికి పోయి, ఆముదంతో పిసికిన మైనం ఆయన రెప్పల మీద అదిమి, వీపు చూపకుండా వెనక్కి నడిచి రావాలి. లోపల అరిస్తే ఆ హక్కు వేరే ఇంటికి పోతుంది.

మగపిల్లలు లేని మా ఇంట్లో తొమ్మిదో ఏట ఆ వంతు నాకొచ్చింది. ఎండాకాలమంతా అచ్చనగిల్లలు ఆడుతుంటే నేస్తులు నా వేళ్ళ వైపు చూసి దూరం జరిగేవాళ్ళు. ఆ పొద్దున అవ్వ అంత నెయ్యి పోసి కాల్చిన ఓళిగ బొబ్బట్టును తుంచి కోళ్ళకు వేసినాను.

గుడి ముందర జనంలోంచి కింది వీధి గౌడు నవ్వినాడు. "ఏందప్పా దేశాయీ, గుర్రాలు పోయె, మేడ పోయె, ఇంక ఆడబిడ్డను తోల్తాండావా? అరిసిందంటే మైనం మా ఇంటికే!"

"మా బిడ్డ అరవదు గౌడన్నా. నువ్వు ఆడనే నిలబడు," అన్నాడు నాయన. మైనం ముద్ద నా చేతిలో పెట్టినాడు.

లోపల దీపం పెట్టకూడదు. తడుముకుంటూ పోయి, మడిచిన ఆ రాతికాళ్ళ మీదుగా స్వామి ఒడిలోకి ఎక్కాను. చెంపలు దొరికాయి, ముక్కు దొరికింది. ఒక కంటికి మైనం అదిమి రెండోదానికి చెయ్యి చాపేసరికి మణికట్టు మీద ఏదో పాకింది. తేలో, జెర్రో. అది మోచేతి దాకా వచ్చి, ఆగి, దిగిపోయేదాకా పెదవి కరుచుకున్నాను. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. రెండో కన్ను మూసి, వెనక్కి అడుగులేస్తూ వెలుతురులో పడ్డాను. గౌడు పక్కకు జరిగి దారి ఇచ్చినాడు. నాయన నన్ను ఎత్తుకోలేదు. "తల దించొద్దు," అన్నాడంతే.

మొన్న మళ్ళీ పోయినాను. గుడికి ఇనుప తలుపు, లోపల ట్యూబులైటు, బయట బుద్ధుడని బోర్డు. పిల్లలు ఒడిలోకెక్కి ఫోటోలు దిగుతున్నారు. ఎవరికీ భయం లేదు. తరాల మైనం గీకేసినాక బయటపడిన కళ్ళను మొదటిసారి చూశాను. చెక్కినవాడే రెప్పలు సగం వాల్చి పెట్టినాడు. ఆ చూపు మబ్బు దాకా పోయేది కాదు. అది పడేది ఒడి మీద, మా ఇంటి బిడ్డలు నిలబడి వణికిన చోట.

"అమ్మా, ముందరికి తిరిగి నడువు, గడప తగులుతాది," అన్నాడు కావలి మనిషి.

నేను తిరగలేదు. తల దించకుండా, గడపను మడమతో వెతుక్కుంటూ, వెనక్కే నడిచి వచ్చాను.