తెల్ల బండికి ఎర్ర బొట్టు

ముందు చాయ్ రానివ్వండి, తర్వాత చెబుతా. నా నుదుటి మీద ఈ రూపాయి బిళ్లంత బొట్టు చూసి మీరంతా సోమవారం నుంచి చాటుగా నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. రమేశ్ ఏదో దీక్ష పట్టాడని మల్లేశం స్టోర్స్ సెక్షన్ అంతా చాటింపు వేశాడట. దీక్షా లేదు, గీక్షా లేదు. అండమాన్ పోయి వచ్చిన ఫలితం ఇది. అందరూ అక్కణ్ణుంచి గవ్వలు, ముత్యాల దండలు తెచ్చుకుంటారు. నేను ఈ బొట్టు తెచ్చుకున్నా.

అంతా మా అత్తమ్మ చలవ. వెటకారంగా అనడం లేదు, మనస్ఫూర్తిగానే అంటున్నా. ఆమె లేకపోతే ఈపాటికి నేను ఎవరో బెంగాలీ వాళ్ల ఇంట్లో చేపల కూర తింటూ ఉండేవాణ్ణి.

అత్తమ్మ అంటే మా ఆవిడ సుజాత వాళ్ల అమ్మ మాత్రమే కాదు, మా నాయనకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. అందుకే మా ఇంట్లో అల్లుడి మర్యాదలు గట్రా ఏమీ ఉండవు. నాచారంలో మా గల్లీలోకి కొత్త బండి ఏది వచ్చినా మొదట పిలుపు ఆమెకే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ దిగదుడిచి కొట్టి, బండి మొహాన కుంకుమ బొట్టు పెడితే తప్ప ఆ బండి కదలదు. కొత్తదే కానక్కర లేదు. ఊరికి పోయే బండైనా సరే, మెకానిక్ షెడ్డు నుంచి వచ్చిన బండైనా సరే.

ఇక అండమాన్ ప్లాన్ మొత్తం నాది. ట్రావెల్స్ వాళ్లకు ఎందుకివ్వాలి, ఇన్నేళ్లు పర్చేజ్‌లో పనిచేసింది ఎందుకు అని అన్నీ నేనే బుక్ చేశాను. టికెట్లు, ఐడీ కార్డులు అన్నీ నడుముకు కట్టుకునే పౌచ్‌లో పెట్టుకున్నా. సుజాత "నావి నా దగ్గర ఉండనీ బావా" అంటే, "మీరు పోగొడతరు, నేనైతే పోగొట్ట" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

బయలుదేరే రోజు ఎయిర్‌పోర్టుకు పిలిచిన క్యాబ్‌కు పూజ అయింది. బాగానే ఉంది. శంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర అత్తమ్మ చేతిసంచీ మెషీన్‌లోకి పోయి అక్కడే ఆగిపోయింది. లోపల ఇంకో కొబ్బరికాయ ఉంది. అండమాన్‌లో ఎక్కబోయే కారు కోసమట. చేతి సామానులో కొబ్బరికాయ తీసుకెళ్లనివ్వం అని డ్యూటీలో ఉన్న అమ్మాయి చెప్పింది.

"గిది బాంబు గాదు బిడ్డా, కొబ్బరికాయ" అంది అత్తమ్మ.

"తెలుసమ్మా. అయినా కుదరదు."

"అయితే గీడనే కొడ్త. మీ మెషీన్‌కు గూడ మంచిగైతది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. నేను మాత్రం నాకు వాళ్లకు ఏ సంబంధమూ లేనట్టు ముందుకు పోయి బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నా. కొబ్బరికాయ అక్కడే ఉండిపోయింది. నిమ్మకాయలు, కుంకుమ భరిణె దాటాయి.

విమానం తలుపు దగ్గర ఎయిర్ హోస్టెస్ నమస్తే చెబితే అత్తమ్మ ఆగింది. కింద టైర్లు ఎక్కడున్నాయో వంగి చూసింది. ఇక నిమ్మకాయలు తీస్తుందని నేను సంచీకి అడ్డం పోయా. అదృష్టం, ఆ గొట్టం లాంటి దారిలోంచి టైర్లు కనపడవు. భరిణె తీసి, తలుపు పక్కన విమానం ఒంటికి ఒక చిన్న బొట్టు పెట్టింది. ఆ తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "గింత పెద్ద బండి మీద తిరుగుతవు, సల్లగుండు బిడ్డా" అంది. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, తల వంచి బొట్టు పెట్టించుకుంది. చెన్నై దాకా ఆ బొట్టుతోనే అందరికీ నీళ్లు ఇచ్చింది. మాకు మాత్రం అడక్కుండానే రెండుసార్లు ఇచ్చింది. మొదటిసారి విమానం ఎక్కిన మనిషికి భయం ఉండాలి కదా, అత్తమ్మకు లేదు. భయమంతా నాకే, ఎవరైనా చూస్తున్నారేమో అని.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగి బయటికి వస్తే ఎటు చూసినా కొబ్బరి చెట్లే. అత్తమ్మ నన్ను ఒక చూపు చూసింది.

మాకు పెట్టిన బండి డ్రైవర్ పేరు అప్పారావు. నేను రాత్రి నుంచి పోగుచేసుకున్న హిందీలో మాట్లాడబోతే, "ఏటండి బాబూ, తెలుగోళ్లేనా? మా తాతది సిక్కోలు. నానిక్కడే పుట్టాను" అన్నాడు. పెద్ద తెల్ల బండి. అక్కడ టూరిస్టు బండ్లు సగానికి సగం తెల్లవే, అదే మోడల్. అత్తమ్మ అక్కడే రాలిన కొబ్బరికాయ ఒకటి సంపాదించి పూజ చేసింది. అప్పారావు మురిసిపోయాడు. రోజూ పొద్దున ఆమె బొట్టు పెట్టే దాకా తాళం తిప్పేవాడు కాదు. అద్దం ముందు నిమ్మకాయ, మిరపకాయల దండ కూడా వేలాడింది.

ఊళ్లో రూములు దొరకక నేను సముద్రపు పాయ అవతల గెస్ట్ హౌస్ బుక్ చేశాను. ఇవతలికి రావాలంటే బండ్లు కూడా ఎక్కే పెద్ద పడవ ఉంది, ఫెర్రీ. బండి పడవ ఎక్కుతుంది, పడవ సముద్రం మీద పోతుంది, మనం బండి దిగి కడ్డీలు పట్టుకుని చేపలు చూస్తాం. మా చిన్న పాపకు విమానం కన్నా అదే నచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కూడా. నీళ్లు ఎలా ఉన్నాయంటే ఏం చెప్పను, లోపల రాళ్లు లెక్కపెట్టొచ్చు. మన మూసీ పక్కన బతికే వాళ్లం, నీళ్లకు రంగు అలా ఉంటుందని నమ్మడానికే టైం పట్టింది.

ఆఖరి రోజు పొద్దున చెన్నై విమానం. ఫెర్రీ దాటి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవాలి. అది తప్పితే చెన్నై నుంచి హైదరాబాద్‌ది కూడా తప్పుతుంది, మళ్లీ కొత్త టికెట్లు కొనే తాహతు నాకు లేదు. అదొక టెన్షన్ అయితే, పడవ ఎక్కే జెట్టీ దగ్గర లైన్‌లో నిలబడ్డప్పుడు ఇంకొకటి. పక్క బండిలోంచి దిగిన ఒక స్టైల్ ఫ్యామిలీ మా బండిని ఫోటోలు తీస్తోంది. ఊరికి పోయే రోజు కదా, అత్తమ్మ ఆ పొద్దున బానెట్ మీద అరచేతంత బొట్టు పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అప్పారావు, గా బొట్టు తుడువు. దండ గూడ తియ్యి" అన్నాను.

"ఉండనీండి బాబూ. ఇన్ని తెల్ల బళ్లలో మనదేదో తెలుస్తాది."

"విమానంల తిరిగెటోళ్లం, గీ నిమ్మకాయలేంది అత్తమ్మా?"

అత్తమ్మ నా మొహం చూసింది. "మంచిది" అని భరిణె మూత పెట్టుకుంది. అప్పారావు ఇష్టం లేకుండానే తుడిచాడు. మా బండి కూడా మిగతా బండ్లలో ఒకటైపోయింది.

ఫెర్రీ కదిలాక నేను ఫోన్ బండిలోనే చార్జింగ్‌కు పెట్టి, కెమెరా పట్టుకుని పై అంతస్తుకు ఎక్కాను. ఆఖరి ఫోటోలు కదా. ఒడ్డు దగ్గర పడ్డాక హారన్ కొట్టారు. మెట్లు దిగి పరుగెత్తి, తెల్ల బండి ముందు తలుపు తీసి కూర్చున్నా. డ్రైవర్ లేడు, వెనక ఎవరూ లేరు. చూశారా, టైం అంటే నేను ఒక్కణ్ణే పాటిస్తాను అనుకున్నా. మీకు తెలుసు కదా, స్కూటర్ కొనేదాకా ఉప్పల్ నుంచి నాచారం దాకా షేర్ ఆటోల్లో అరిగిపోయిన ఒళ్లు నాది. ముందు సీటు ఖాళీగా కనిపిస్తే కూర్చోవడమే అలవాటు, డ్రైవర్ మొహం ఎవడు చూస్తాడు?

కెమెరాలో ఫోటోలు చూసుకుంటూ ఉంటే వెనక తలుపులు తెరుచుకున్నాయి, మనుషులు ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. నేను వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టా. "ఎన్నిసార్లు చెప్పాలె? విమానం మనకోసం ఆగుతదా? ఒక పద్ధతి లేదు, ఒక టైం లేదు" అని క్లాస్ పీకా. వెనక నుంచి చప్పుడు లేదు. పరవాలేదే, ఇన్నాళ్లకు నా మాటకు విలువ వచ్చింది అనుకున్నా. కాసేపటికి భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది, అందులో బిస్కెట్ ఉంది. అలక తీర్చడానికి సుజాత ఇస్తోంది అనుకుని తినేశా. ఇంకోటి వచ్చింది, అదీ తిన్నా. డ్రైవర్ ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. నేను ఫోటోల్లోనే ఉన్నా.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ డ్రైవర్ నన్ను వాళ్ల చుట్టం అనుకున్నాడు, వాళ్లేమో నన్ను డ్రైవర్‌తో వచ్చిన గైడ్ అనుకున్నారు. నా క్లాస్ అంతా ఆ ఊరి చరిత్ర అనుకుని శ్రద్ధగా విన్నారట. వాళ్లు పోయేది ఎయిర్‌పోర్టుకు కాదు, ఊరికి అవతల ఎక్కడో ఉన్న బీచ్‌కు.

అవతల మా వాళ్ల పరిస్థితి చూడండి. అప్పారావు బండి మొదటి వరసలో ఉండడంతో ముందే కిందికి దిగిపోయింది. అందరూ ఉన్నారు, నేను లేను. టికెట్లు, కార్డులు నా నడుముకు ఉన్నాయి. ఫోన్ చేస్తే అది వాళ్ల ముందే మోగింది. సుజాత కళ్లనీళ్లు పెట్టుకుని పై అంతస్తుకు పరుగెత్తింది. చిన్నది కడ్డీల దగ్గర నీళ్లలోకి చూస్తోందట, పిచ్చిపిల్ల. అత్తమ్మ ఒక్కతే నిలకడగా ఉంది. "నీళ్లల్ల పడితే లొల్లి అయ్యేది. ఆడు పడలే. ఏ బండిలనో ముందు సీటు సూసి కూసున్నడు. చిన్నప్పటి సంది సూస్తున్నగ" అందట.

అని భరిణె తీసుకుని, పడవలోంచి బండ్లు దిగే వాలు మీద నడిమధ్యన నిలబడింది. అన్నీ తెల్ల బండ్లే, ఎండకు అద్దాల్లోంచి లోపల ఏమీ కనపడదు. చెయ్యి అడ్డం పెడితే డ్రైవర్లు తిడతారు, హారన్ కొడతారు. మరి కుంకుమ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడను చూస్తే ఎవడైనా బ్రేక్ వెయ్యకుండా ఉంటాడా? ప్రతి బండినీ ఆపింది, బానెట్‌కు బొట్టు పెట్టింది, పక్కకు వచ్చి అద్దం లోంచి తొంగి చూసింది, "పో బిడ్డా, సల్లగ పో" అని పంపింది. వెనక బండి వాళ్లు గొడవ చేయలేదు సరికదా, తమ వంతు కోసం చూశారట. ఆ స్టైల్ ఫ్యామిలీ బండికి కూడా పెట్టింది. వాళ్లు ఆమె కాళ్లకు దండం పెట్టి పోయారట. నాకు ఇది విన్నప్పుడు సిగ్గు, గర్వం రెండూ ఒకేసారి వచ్చాయి. పోలీసులను పెట్టినా అంత చక్కగా ఒక్కో బండినీ ఆపలేరు.

మా బండి, అంటే నాది కాని బండి, వాలు మీద ఆగింది. తలెత్తాను. అద్దం ముందు ఆకుపచ్చ చీరలో ఒక పెద్దావిడ బానెట్‌కు బొట్టు పెడుతోంది. అచ్చం మా అత్తమ్మలా ఉందే అనుకున్నా. మరి ఈమె బయట ఉంటే వెనక ఎక్కింది ఎవరు అని అప్పుడు వెనక్కి తిరిగా. చేతికి తెల్ల శంఖు గాజులు, ఎర్ర గాజులు వేసుకున్న ఒక బెంగాలీ మామ్మ నాకు ఇంకో బిస్కెట్ చాపుతూ ఉంది.

నా పక్క తలుపు తెరుచుకుంది. అత్తమ్మ తిట్టలేదు, అరవలేదు. నన్ను కిందికి దిగమంది. నేను దిగాను. భరిణెలో వేలు ముంచి, ఇదిగో ఇక్కడ, నా నుదుటి మీద ఇంత బొట్టు పెట్టింది.

"బండిది తుడిపించినవ్. దీన్ని తుడువకు" అంది.

అందరం నవ్వాం, సుజాత తప్ప. దారి పొడుగునా ఆమెది ఒకటే మాట. "ఇన్నేళ్ల సంది కాపురం జేస్తున్న, నా చెయ్యి గూడ గుర్తువట్టవా బావా? ఆ గాజులు నావేనా?" అప్పారావు మాత్రం ఆలస్యం కాకుండా బండి తోలాడు, విమానం తలుపు మూసే ముందు ఎక్కాం. తుడిచే ధైర్యం నాకు లేదు. చెన్నైలో, శంషాబాద్‌లో, సెక్యూరిటీలో, సామాన్ల బెల్టు దగ్గర అందరూ నా నుదురే చూశారు. దిగాక అత్తమ్మ, "గా మెషీన్ కాడి పిల్ల నా కొబ్బరికాయ దాచిందేమో అడిగి రా" అని నన్ను పంపబోయింది. ఎలాగో తప్పించుకున్నా.

అలా మొదలైంది ఈ బొట్టు. ఇప్పుడు రోజూ పొద్దున నేను డ్యూటీకి స్కూటర్ తీస్తుంటే అత్తమ్మ భరిణె పట్టుకుని గేటు దగ్గరికి వస్తుంది. ఇదివరకు స్కూటర్‌కు పెట్టేది. ఇప్పుడు దాన్ని పట్టించుకోవడమే మానేసింది, నేరుగా నా నుదుటికే. మరి బండికో అత్తమ్మా అని నిన్న అడిగా.

"దానికి నంబర్ ప్లేట్ ఉంది గద బిడ్డా" అంది.