పక్కగుమ్మం దగ్గర చెప్పులు

1964 వైశాఖం. అప్పటికి నేను ఖరగ్‌పూర్‌లో రైల్వే ఫైర్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. మంటలార్పడం మా ఉద్యోగంలో చిన్న వంతు. మంట అంటుకోక ముందే వెళ్ళి "ఇది తీయండి, అది జరపండి" అని జనాన్ని విసిగించడం పెద్ద వంతు. అందుకే మమ్మల్ని పెళ్ళిళ్ళకి ఎవరూ మనస్ఫూర్తిగా పిలిచేవారు కాదు. పిలిస్తే విస్తరి ముందు కూర్చోకుండా బకెట్లు వెతుక్కుంటామని వాళ్ళ బాధ.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో స్థిరపడిన మనవాళ్ళు చందాలేసుకుని ఒక హాలు కట్టుకున్నారు. నాటకాలు, భజనలు, పెళ్ళిళ్ళు అన్నీ అందులోనే. దాని మేనేజరు అప్పలస్వామి గారు. వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాక ఆ హాలునే తన షాపు అనుకుని ఏలుతున్న మనిషి. ఆ హాల్లో ఏ కార్యం జరగాలన్నా ఏటా మా సంతకం కావాలి. మాకు అభ్యంతరం లేదని చెప్పే ఆ కాగితాన్ని ఎన్‌ఓసీ అంటారు. పాత కాగితం గడువు అయిపోయింది. పది రోజుల్లో ఆయన మనవరాలు పార్వతి పెళ్ళి, అదే హాల్లో. శుభలేఖలు కూడా పంచేశారు.

వెళ్ళి చూద్దును కదా, ఎర్రబకెట్లలో ఇసుక నిండుగా ఉంది. సంతోషించాను. ఆ సంతోషం పక్కగుమ్మం దాకా నిలవలేదు. మైదానం వైపు తెరుచుకోవలసిన ఆ గుమ్మానికి తాళం. తాళం ముందు చుట్టిన జంబుఖానాలు, వాటి మీద నాటకాల తెరలు, అన్నిటి మీదా హార్మోనియం పెట్టె.

"ఇదేటండీ?" అన్నాను.

"ఆ గుమ్మం తీస్తే పిలవనోళ్ళందరూ బంతిలోకి దూరిపోతారు బాబూ. తాళంచెవి నా మొలతాడుకే ఉంది, బెంగెట్టుకోకండి" అన్నారాయన.

"ముందు గుమ్మం దగ్గర మంటొస్తే మూడొందల మంది మీ మొలతాడు పట్టుకుని తిరగాలా?"

ఆయన ముఖం మాడ్చుకున్నారు. అయినా మాట తప్పే మనిషి కాదు. మర్నాటికల్లా సామానంతా తీయించారు. తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయంటే, వడ్రంగిని పెట్టి బయటికి తెరుచుకునేలా మార్పించారు. తోసుకొచ్చే జనం ముందు లోపలికి తెరుచుకునే తలుపు గోడతో సమానం. ఆ సంగతి ఆయనకి ఒక్కసారి చెబితే సరిపోయింది.

ఇక మిగిలింది డ్రిల్. అంటే మంట వచ్చిందనుకుని అందరూ బయటపడే అభ్యాసం. ఆదివారం ఉదయం పేటలోని అరవై మందిని హాల్లో కూర్చోబెట్టాం. "మంట ముందు గుమ్మం దగ్గరుంది. గంట కొట్టగానే పక్కగుమ్మంలోంచి వెళ్ళాలి" అని తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, చేతులు ఊపి కూడా చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు.

గంట కొట్టాను. అరవై మందీ లేచారు. అరవై మందీ ముందు గుమ్మం మీదే పడ్డారు!

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాను. ఎవరు వింటారు? సత్యమ్మ అనే ముసలావిడ నా చెయ్యి కిందనుంచి దూరి, వరండాలో వంగి ఏదో వెతుకుతోంది.

"అమ్మా, ఇక్కడ మంట ఉందన్నాను కదా! మంటలోకొచ్చినావేటి?"

"సెప్పులు బాబూ!"

"చెప్పులకోసం కాలిపోతావా?"

"మంట ఉత్తుత్తిదే కదా. సెప్పులు నిజం సెప్పులు కాదేటి?" అంది.

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది కానీ, ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ గుంపు మధ్యలో, తన జోడు ఒకటి దొరికి రెండోది దొరక్క, అప్పలస్వామి గారు కూడా ఉన్నారు. మేనేజరే అలా ఉంటే ఇంకెవరికి చెప్పాలి? ఆ రోజు సంతకం పెట్టలేదు. "మా గుంట పెళ్ళి ఆగిపోద్దేటి బాబూ?" అని అప్పలస్వామి గారు అడిగారు.

రెండు రోజులు ఆలోచించాను. మా శిక్షణ పుస్తకంలో ఎగ్జిట్ ఎంత వెడల్పుండాలో ఉంది, బకెట్లు ఎన్నుండాలో ఉంది. చెప్పుల ఊసు లేదు. గుళ్ళోకెళ్ళినట్టు హాల్లోకి వెళ్ళే మనవాళ్ళ సంగతి ఆ పుస్తకం రాసినవాడికేం తెలుసు? జనం అలవాటు మార్చడం నా తరం కాదు. చెప్పుల చోటు మార్చడం నా తరమే.

"పెళ్ళికొచ్చినోళ్ళని పక్కగుమ్మంలోంచి రమ్మంటే వియ్యాలోరు ఏటనుకుంటారు?" అని అప్పలస్వామి గారు గింజుకున్నారు.

"ఆ గుమ్మానికే పెద్ద తోరణం కట్టండి. కాళ్ళు కడుక్కోను నీళ్ళక్కడే పెట్టండి, పన్నీరు అక్కడే చల్లండి. అదే పెద్దగుమ్మం అనుకుంటారు."

ముందు వరండాలో చెప్పులుంచే బల్లల్ని పక్కగుమ్మం బయటికి మార్చాం. మళ్ళీ డ్రిల్ పెట్టాం. గంట కొట్టగానే సత్యమ్మ అందరికంటే ముందు మైదానంలో తేలింది. అక్కడికక్కడే బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేశాను.

పెళ్ళిరోజు పగటి ముహూర్తం. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. ముందు వైపు తాటాకు పందిరి, దాని మూలనే వంటలు. వంట చేసే బెంగాలీ హరిపద దాదా బాణలిలో నూనె మరీ కాగబెట్టేశాడు. ఇంకా నేను లోపల సర్దుకుని కూర్చోనేలేదు, బయట "ఆగ్! ఆగ్!" అని హిందీలో మంట కేక. బాణలి అంటుకుని, గాలికి మంట పందిరి అంచు పట్టుకుంది.

అప్పలస్వామి గారు గంట అందుకున్నారు. "పక్కగుమ్మం! తోసుకోకండి!" అని ఒకటే కేక. నిజానికి చెప్పనక్కర్లేకపోయింది. మూడొందల మంది కాళ్ళూ వాటంతటవే చెప్పులున్న వైపు తిరిగాయి. పెళ్ళికూతురి చెయ్యి సత్యమ్మ పట్టుకుంది.

నేను ముందు వైపు పరుగెత్తేసరికి హరిపద దాదా బిందెడు నీళ్ళు ఎత్తి ఉన్నాడు. కాగే నూనెలో నీళ్ళు పోస్తే మంట మనిషి మీదికే ఎగురుతుంది. "జల్ నా, దాదా! బాలి! బాలి!" నీళ్ళొద్దు, ఇసుక అని అతని భాషలోనే అరిచి, అతని చేతికి ఇసుక బకెట్ అందించాను. వర్క్‌షాపు వాళ్ళు నలుగురు తాళ్ళు కోసి పందిరిని హాలుకి దూరంగా లాగి పడేశారు. ఇంతలో కబురంది మా ఫైర్ ఇంజిన్ వచ్చి దాన్ని తడిపేసింది. హాలుకి మసి అంటిందంతే.

మైదానంలో తలలు లెక్కపెట్టించాం. అందరూ ఉన్నారు, అందరి కాళ్ళకీ చెప్పులున్నాయి. పంతులుగారు గడియారం చూసి, ముహూర్తం ఇంకా దాటలేదన్నారు. పైన చూస్తే మండే ఎండ. మా ఫైర్‌మెన్ ఇంజిన్‌లోని టార్పాలిన్ తీసి, నాలుగు మూలలా నలుగురు ఎత్తి పట్టుకున్నారు. దాని కిందే పార్వతి మెళ్ళో తాళి పడింది. బాజాలు హాల్లో ఉండిపోయాయి కాబట్టి మా డ్రైవరు ఇంజిన్ గంటే గట్టిమేళంగా వాయించాడు. నా సర్వీసంతటిలో ఆ గంట విని అంత ఆనందపడింది ఆ ఒక్క రోజే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ అని చెప్పుకున్నాను.

అక్షింతలు వేయడానికి వెళ్తూ ఇసుకలో కాళ్ళు చుర్రుమంటే అప్పుడు చూసుకున్నాను. నా కాళ్ళకి ఏమీ లేవు. ఆలస్యమైందన్న కంగారులో పందిరి కిందనుంచి వచ్చి, పాత అలవాటుకొద్దీ బూట్లు ముందు గుమ్మం దగ్గరే విప్పాను. మండి రాలిన తాటాకులతో పాటు అవీ బూడిదయ్యాయి. అందరికీ పాఠం చెప్పినవాణ్ణి!

అప్పలస్వామి గారు నా కాళ్ళ వైపు చూశారు. భోజనాలయ్యేలోగా ఎవరినో గోల్‌బజార్ పంపి కొత్త చెప్పులజత తెప్పించారు. నాకు తాంబూలంతో పాటు ఇవ్వబోయి, చెయ్యి మళ్ళీ వెనక్కి లాక్కున్నారు.

"ఏ గుమ్మం కాడ ఇప్పుతారో ముందు సెప్పండి బాబూ. అప్పుడే సంతకం" అన్నారు.

"పక్కగుమ్మం" అన్నాను.

రిటైరయ్యేదాకా ఏ భవనం తనిఖీకి వెళ్ళినా, ఎర్రబకెట్ల కంటే ముందు చెప్పులెక్కడున్నాయో చూసేవాణ్ణి. ఆ తర్వాత, నావి ఎక్కడ విప్పానో చూసుకునేవాణ్ణి.