అక్క అటు కొస నుంచి రాసిన పరీక్ష

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏది చెడినా నెపం పోలీసు చర్య మీదే పడేది. పాలు పలచబడినా, రైలు ఆలస్యమైనా, ఆఖరికి అల్లుడు అలిగినా దానివల్లేనట. అన్నిటికన్నా ఎక్కువగా పడిపోయినవి మాత్రం చదువులట. అవి పడిపోవడం నేను చూడలేదు, అంతకు ముందే బడి గోడ దూకి వచ్చేశాను (బడివాళ్లే తోసేశారని మా చిన్నాయన అనేవాడు, నమ్మకండి). నేను స్టేషన్ దగ్గర సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేసేవాణ్ణి. చిన్నాయన పాతకాలపు మెట్రిక్, దఫ్తర్‌లో గుమాస్తా. చదువుల విషయంలో మా నాన్నకు ఆయన మాటే వేదం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్క అల్వాల్‌లోని సర్కారు బడిలో మొదటి నుంచీ ఉర్దూలోనే చదివింది. రాజ్యం చేతులు మారగానే కాలేజీలో చేరే పరీక్ష ఇంగ్లీషులోకి మారిపోయింది. పొయ్యి ఊదుతూ, బియ్యం ఏరుతూ ఇంగ్లీషు వల్లించి పరీక్షకు కూర్చుంది పాపం. వాక్యాలన్నీ ఎడమ నుంచి కుడికే రాసింది. జవాబులు రాసే పుస్తకాన్ని మాత్రం కంగారులో, చేతి అలవాటు కొద్దీ ఉర్దూ పుస్తకంలా అటు కొస నుంచి తెరిచింది. మనకు ఆఖరి పేజీ ఆమెకు మొదటిది. దిద్దినాయన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరరు. ఇటు నుంచి తెరిచాడు. లెక్కకు ముందే జవాబు ఎదురయ్యేసరికి సున్నాలు చుట్టుకుంటూ పోయాడు.

"చూసినవా అన్నా, చదువులు సచ్చినయ్. మా జమానాల మెట్రిక్ అంటే మెట్రిక్. ఇగ దీన్ని ఇంట్ల కూసోబెట్టు" అన్నాడు చిన్నాయన.

"పుస్తకం ఉల్టా తెరిచిన చిన్నాయనా. జవాబులు సహీగనే ఉన్నయ్" అంది అక్క.

"స్టాండర్డ్ పడుడంటే గదే మరి."

నాన్న తల ఊపాడు. నాకు తిక్క రేగింది. అక్కను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని కాలేజీకి తొక్కాను.

"పుస్తకం ముందు నుంచి చదవడం పద్ధతి బాబూ" అన్నాడు లెక్చరరు.

"మొన్నటిదాంక మా రాజ్యమంతా అటుకెళ్లే చదివింది సార్. మీరొచ్చిన రైల్ల ఎనక డబ్బాల కూసున్నోళ్లు సుత సికింద్రాబాదే దిగిన్రు గద. జెర తిప్పి చూడుండ్రి."

ఆయన నవ్వలేదు కానీ తిప్పాడు. చదువుతున్నకొద్దీ మొహం మారింది. "జవాబులు బాగానే ఉన్నాయమ్మా. కానీ ఫలితాలు పైకి వెళ్లిపోయాయి. ఇప్పుడు మారిస్తే ప్రమాణాలు ఏం కావాలి?"

కళ్ల ముందున్న తెలివిని సున్నాల కింద పూడ్చేసి, ఆ దిబ్బ మీద నిలబడి ప్రమాణాల గురించి బెంగపడే మనిషిని ఏమనాలో నాకు ఏ భాషలోనూ తోచలేదు. అక్క నా చొక్కా లాగింది. "వచ్చే ఏడు ఇటు నుంచి రాస్తే దిద్దుతరా సార్?" అని అడిగింది. ఆయన తల దించుకుని "తప్పకుండా" అన్నాడు.

ఇంటికొచ్చి "జవాబులు బాగానే ఉన్నాయమ్మా" అన్న ముక్కను ఆయన గొంతుతో, ఆయన దగ్గుతో సహా నాన్నకు వినిపించాను. నవ్వాపుకోలేక నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. (మాస్టార్ల గొంతులు అనుకరించడం ఒక్కటే బడిలో నేను నేర్చిన చదువు, అది అలా అక్కరకొచ్చింది.)

మరుసటి ఏడు అక్క ఇటు నుంచి రాసింది. అదే బుర్ర, అదే చెయ్యి. సీటు వచ్చింది. నేను మిఠాయి పట్టుకుని చిన్నాయన ముందు నిలబడ్డాను. ఆయన నిమ్మళంగా నమిలి, "పేపర్ అల్కగ ఇచ్చిన్రు. ఇప్పుడు ఎవలు రాసినా పాసే. స్టాండర్డ్ సచ్చిందిరా" అన్నాడు. ఫెయిలయితే పడిపోయిన చదువు, పాసయితే ఇంకా లోతుకు పడిందన్నమాట. మిఠాయి వెనక్కి లాక్కుందామనుకున్నాను, అప్పటికే మింగేశాడు.

మొన్న సైనిక్‌పురిలో అక్క ఇంటికి వెళ్తే మనవరాలు ఎంట్రన్స్ ర్యాంకు చెప్పింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఈ ర్యాంకులేందో ఏమో. మా కాలంల చదువులంటే..." అన్నాను.

"నీ కాలంల నువ్వు బడికే పోలే గదరా" అంది అక్క, పేపరులోంచి తల ఎత్తకుండా. ఆ పేపరును ఆమె ఎప్పటిలాగే ఆఖరి పేజీ నుంచి చదువుతోంది.